మనిషి పోయాడు, పంపకాలు తేలలేదు: ఈలోపు ఆస్తిని కాపాడుకోవడం ఎట్లా

ఆస్తి తగాదాల్లో ఎక్కువ నష్టం కోర్టు తీర్పుతో జరగదు. మనిషి పోయిన రోజుకూ, పంపకాల కాగితం రిజిస్టరయ్యే రోజుకూ మధ్యలో జరుగుతుంది. ఈ మధ్యకాలంలోనే బీరువా తాళం చేతులు మారుతుంది, పాసు పుస్తకం కనపడకుండా పోతుంది, తోట కాపుకు ఎవరో అడ్వాన్సు తీసుకుంటారు, ఎన్నడూ వినని ప్రోనోటు ఒకటి బయటికొస్తుంది. హక్కు ఎవరిదో తేలేసరికి పంచుకోవడానికి మిగిలేది సగమే.

అందుకే ఇక్కడ ఎవరి వాటా ఎంత అనే లెక్కలోకి లోతుగా వెళ్లను. పోయిన రోజున ఆస్తి ఎట్లా ఉందో పంపకం రోజుకూ అట్లాగే నిలబెట్టడం ఎట్లాగో చెబుతాను. ఈ రెండు పనులనూ కలిపేసి దినాల పందిట్లోనే "నా పాలెంత?" అని మొదలుపెట్టే ఇళ్లలో రెండూ చెడతాయి.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అనంతపురం దగ్గర శింగనమల వైపు ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట, టౌన్లో ఒక మిద్దె, దాని కింది పోర్షన్లో బాడుగవాళ్లు, బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్, ఒక లాకరు, తాకట్టులో కొంత బంగారం. అంతా ఆయన సొంత సంపాదన. వీలునామా లేదు. భార్య ఉంది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం, ఒక కూతురు తాడిపత్రిలో, ఇంకో కూతురు బళ్లారిలో. ఆయన ముసలి తల్లి బతికే ఉంది. పక్క పొలం తమ్ముడిది, అంటే పిల్లలకు చిన్నాయన.

1. హక్కుదారులెవరో ముందు ఒక కాగితం మీద రాయండి

వాటాలు తేల్చడానికి కాదు, ఎవరి సంతకం లేకుండా ఏదీ కదలకూడదో తెలియడానికి. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగమనిషి సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమాన వాటాలు. పై కుటుంబంలో ఐదుగురికి ఐదు సమ భాగాలన్నమాట. మన దగ్గర అందరూ మర్చిపోయేది తల్లిని. "అవ్వకు ఏం కావాలి, రెండు పూటలా ముద్ద పెడితే చాలు" అంటారు. చట్టం అట్లా అనదు. కూతుళ్ల విషయంలో "పెళ్లప్పుడే ఇచ్చేశాం" అన్న మాట కూడా హక్కును తీసేయదు. ఆస్తి పిత్రార్జితమైతే లెక్క కొంచెం మారుతుంది గానీ, అందులోనూ కూతురికి కొడుకుతో సమాన హక్కుందని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ నాలుగు రకాల వారసుల్లో ఒక్కరున్నా చిన్నాయనకు వాటా రాదు. అయితే ఆ ఐదెకరాలు అన్నదమ్ముల మధ్య ఎన్నడూ కాగితం మీద పంచుకోని ఉమ్మడి భూమి అయితే కథ వేరు. పాత పారికత్తు, అంటే పంపకాల కాగితం, ఉందా లేదా అన్నది మొదటి రోజుల్లోనే వెతకండి.

కర్నూలు, కడపల్లో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల వాటాల లెక్క వేరు: కొడుక్కి రెండు పాళ్లయితే కూతురికి ఒకటి, పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. కానీ ఆస్తిని కాపాడుకునే పద్ధతులు, కోర్టు దారులు దాదాపు ఇవే.

2. తాళాలు, జాబితా

దినాలు కాకముందే చేయాల్సిన పని ఇదొక్కటే. చుట్టాలు తప్పు పట్టుకుంటారని వెనకాడకండి. "అందరూ ఉన్నారు కదా, నాన్న సామాన్లు ఒకసారి రాసి పెడదాం" అని ఇంటి ఆడబిడ్డతోనో పెద్ద మేనమామతోనో అనిపిస్తే ఎవరికీ కోపం రాదు.

పద్ధతి ఇట్లా. పగటిపూట, కనీసం ఇద్దరు వారసులు, కుటుంబానికి చెందని ఒక పెద్దమనిషి ఉండగా బీరువా తెరవండి. తెరవకముందు నుంచే ఫోన్లో ఆపకుండా వీడియో తీయండి. ఒక తెల్ల కాగితం మీద ఒక్కో వస్తువు రాసుకుంటూ పోండి. బంగారమైతే "గొలుసు ఒకటి" అని వదిలేయొద్దు. దగ్గర్లోని కంసాలి కాటా మీద తూకం వేయించి గ్రాముల్లో రాయండి. దస్తావేజులకు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పేరు. పాసు పుస్తకానికి ఖాతా నంబరు. ప్రోనోట్లుంటే తేదీ, మొత్తం, రాసిచ్చినవాడి పేరు. తాకట్టు రసీదులు, బీమా బాండ్లు, చెక్కు పుస్తకంలో మిగిలిన చెక్కుల నంబర్లు. సంతకం పెట్టి వదిలేసిన ఖాళీ చెక్కు గానీ, ఖాళీ స్టాంపు పేపరు గానీ కనిపిస్తే అక్కడే అందరి ముందూ అడ్డగీత కొట్టి ఫోటో తీయండి. పల్లెల్లో అప్పు కోసం ఇట్లా సంతకం చేసి పెట్టినవి దొరకడం మామూలే.

జాబితా కింద ఉన్నవాళ్లంతా సంతకం చేయాలి. ప్రతి పేజీకీ ఫోటో తీసి వారసులందరి వాట్సాప్‌కూ అదే రోజు పంపండి. ఊళ్లో లేని వారసుడికి ఆ మెసేజే సాక్ష్యం. తర్వాత బీరువాకు రెండు తాళాలు వేసి, ఒకటి ఆయన భార్య దగ్గర, ఇంకొకటి వేరే వారసుడి దగ్గర పెట్టండి. తాళం మీద కాగితం అంటించి అడ్డంగా ఇద్దరూ సంతకాలు చేస్తే ఇంకా మంచిది. సినిమా వేషంలా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

ఎవరైనా ఇప్పటికే తాళం మార్చేసి ఉంటే మీరు పగలగొట్టొద్దు. పగలగొట్టిన రోజు నుంచి కేసు మీ మీదికి తిరుగుతుంది.

3. రెండు సర్టిఫికెట్లు

మరణం జరిగిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, అది తలనొప్పి. డెత్ సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌లో, పాసు పుస్తకంలో, దస్తావేజులో ఉన్నట్టే ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోండి. "రామన్న", "రామప్ప" తేడాకు తర్వాత అఫిడవిట్ల మీద అఫిడవిట్లు రాయాల్సి వస్తుంది. పది కాపీలు తీసుకోండి.

రెండోది తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెడితే విచారణ జరుగుతుంది. ఆ విచారణలో పక్కింటివాళ్లు చెప్పే మాటలను బట్టి పేర్లు ఎక్కుతాయి, పోతాయి. పెళ్లై వెళ్లిన కూతుళ్ల పేర్లు రాలిపోయేది ఇక్కడే. దరఖాస్తు ఎవరు పెట్టినా దాని నకలు అడిగి తీసుకోండి. మీ పేరు లేకపోతే తహసీల్దారుకు లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి.

4. బ్యాంకు, ఫోను

మనిషి పోయాక ఆయన ఏటీఎం కార్డుతోనో ఫోన్‌పేతోనో డబ్బు తీయడం చాలా ఇళ్లలో జరిగేదే. కర్మ ఖర్చులకే తీసి ఉండొచ్చు. తర్వాత తగాదా వస్తే ఆ తీసినవాడే దొంగగా నిలబడతాడు. ఖర్చులు ఒకరు చేతి నుంచి పెట్టి రసీదులు దాచుకుని, పంపకాల్లో ముందుగా మినహాయించుకోవడం మేలు.

డెత్ సర్టిఫికెట్ నకలుతో ప్రతి బ్రాంచికీ ఒక లేఖ ఇచ్చి, ఖాతాలో లావాదేవీలు ఆపమని, లాకరు ఎవరికీ తెరవొద్దని రాయండి. రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోవద్దు. ఆయన ఫోను, సిమ్ము కూడా జాబితాలో ఉండాల్సిన వస్తువులే. ఓటీపీలన్నీ అందులోకే వస్తాయి కాబట్టి అది ఎవరి జేబులో ఉంటే ఖాతాలు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

నామినీ గురించి ఒక అపోహ తీసేయాలి. నామినీ అంటే డబ్బు అందుకునేవాడు మాత్రమే, సొంతదారు కాడు. ఎల్‌ఐసీ పాలసీ నామినీ విషయంలో 1983లో సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది, అయితే 2015లో బీమా చట్టాన్ని సవరించాక, పాలసీకి భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీగా ఉంటే లెక్క వేరు. బ్యాంకు మాత్రం నామినీకి డబ్బిచ్చేసి చేతులు దులుపుకుంటుంది, చట్టం దానికి ఆ వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి కొడుకు నామినీగా ఉంటే, ఆ డబ్బు వారసులందరిదీ అని అతని చేత ముందే ఒక కాగితం రాయించుకోండి. రాయనంటే, డబ్బు చేతికి రాకముందే కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాలి. నామినీ లేని డిపాజిట్లకు, రావాల్సిన బాకీలకు తగాదా ఉన్నప్పుడు వారసత్వ ధ్రువపత్రం, అంటే కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ అడుగుతారు.

తాకట్టు బంగారాన్ని పట్టించుకోకపోతే వేలానికి పోతుంది. వడ్డీ ఎవరు కడుతున్నారో రాసి పెట్టుకుని గడువులోపు రెన్యువల్‌కో విడుదలకో దరఖాస్తు పెట్టండి.

5. ప్రోనోటు పట్టుకొచ్చేవాళ్లు

దినం అయ్యీ అవకముందే ఒకాయన వచ్చి "మీ నాయన నా దగ్గర మూడు లక్షలు తీసుకున్యాడు, ఇదిగో నోటు" అంటాడు. నిజమే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. మీరు చేయాల్సింది నోటును ముందూ వెనకా ఫోటో తీసుకోవడం, "చూసి చెబుతాం" అనడం. అంతే. ఐదొందలో వెయ్యో ఇచ్చి నోటు వెనక చెల్లు రాసి సంతకం చేయొద్దు. ప్రోనోటుకు గడువు మూడేళ్లు. ఆలోపు పడిన చెల్లు సంతకంతో ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తాయి. బాకీ ఒప్పుకుంటూ ఉత్తరం రాసిచ్చినా అంతే.

తండ్రి అప్పు నిజమైనా, వారసుడి సొంత జీతానికి, సొంత ఇంటికి దాంతో సంబంధం లేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. ఊరి పెద్దమనుషులు "నాయన పేరు నిలబెట్టు" అని ఒత్తిడి చేసేటప్పుడు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి.

ఇట్లాంటిదే జీపీఏ. ఆయన బతికుండగా ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి ఉంటే, మామూలుగా ఆయన మరణంతోనే అది చెల్లకుండా పోతుంది. కానీ సబ్ రిజిస్ట్రారుకు మనిషి పోయిన సంగతి తెలియదు కదా. మీరే రాతపూర్వకంగా చెప్పాలి.

6. పొలం: అసలు తగాదా ఇక్కడే

ఇంటికి తాళం వేయొచ్చు, తోటకు వేయలేం. చీనీ చెట్లకు నీళ్లు ఆపితే ఎండాకాలంలో తోటే పోతుంది. కాబట్టి ఎవరో ఒకరు చేయాలి. చిన్నాయన ముందుకొస్తాడు, మంచి మనసుతోనే రావచ్చు. ఇబ్బంది ఆయన నీళ్లు కట్టడంలో లేదు, ఏ హోదాలో కడుతున్నాడో రాసి లేకపోవడంలో ఉంది. ఒక తెల్ల కాగితం మీద "వారసులందరి తరఫున, పంపకాలు తేలేవరకు, తోట బాగోగులు చూస్తున్నాను, ఖర్చు రాబడి లెక్క చెబుతాను" అని ఆయన సంతకం, తేదీ, ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. ఆ ఒక్క కాగితం రేపు "పదేళ్లుగా నేనే సాగు చేస్తున్నా" అన్న మాటకు అడ్డుకట్ట.

కాపు అమ్మకంలో మరింత జాగ్రత్త. అనంతపురం మార్కెట్ యార్డులో టన్ను ధర రోజుకో తీరుగా ఉంటుంది. తోట మీదే గుత్తకు మాట్లాడుకునే వ్యాపారులు అడ్వాన్సు చేతిలో పెట్టి, తెల్లారేసరికి కూలీలను దించేస్తారు. కాపు అమ్మే ముందు వారసులందరికీ ధర మెసేజ్ పెట్టడం, డబ్బు నగదుగా కాక పోయినాయన భార్య ఖాతాలోకి వేయించడం, తూకం చీటీలు దాచడం. ఈ మూడూ జరిగితే సగం అనుమానాలు పుట్టవు.

మోటారు, స్టార్టరు, డ్రిప్పు పైపులు, ఫిల్టరు, ట్రాక్టరు ఉంటే దాని ఆర్సీ, ఇంజను నంబరు అన్నీ జాబితాకెక్కించండి. పొలం నాలుగు మూలలా హద్దు రాళ్ల దగ్గర నిలబడి వీడియో తీయండి. గట్టు ఏ చెట్టు దగ్గర మలుపు తిరుగుతుందో నోటితో చెబుతూ తీయండి. గట్టు ఒక్కసారిగా జరగదు. ప్రతి దుక్కికీ ఒక సాలు చొప్పున జరుగుతుంది.

ఇంకో రెండు చోట్ల కన్నేయాలి. ఒకటి, రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు. సాగుదారుగా అక్కడ ఎవరి పేరు ఎక్కితే వాళ్లు దాన్ని స్వాధీనానికి సాక్ష్యంగా చూపిస్తారు. రెండు, పంట సాగుదారు హక్కుల పత్రం. 2019 చట్టం ప్రకారం ఇచ్చే ఈ పత్రం పదకొండు నెలలకే, భూమి మీద హక్కు ఇవ్వదు. అయినా మీకు తెలియకుండా సంతకాలు పడ్డాయేమో అడిగి చూసుకోండి.

మీ ఊళ్లో రీసర్వే జరిగి ఉంటే పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. ఇద్దరు ముగ్గురి భూములు ఒకే ఎల్‌పీఎంలో కలిసిపోయిన ఫిర్యాదులు చాలా ఉన్నాయి. అన్నదమ్ముల పొలాలు పక్కపక్కనే ఉంటే ఇది మొదట చూడాల్సిన సంగతి.

బాడుగ ఇంటి గురించి చెప్పేది తక్కువే. బాడుగవాళ్లకు ఒక లేఖ ఇచ్చి, ఇకమీదట ఫలానా ఖాతాలోకే బాడుగ వేయాలని, అందరు వారసుల సంతకంతో చెప్పండి. వారసులు ఒప్పుకోకపోతే, తేలేవరకు బాడుగ ఎవరికీ చేతికివ్వొద్దని చెప్పండి. ఇంటి పన్ను, కరెంటు బిల్లు పోయినాయన పేరుతోనే కడుతూ రసీదులు దాచండి.

7. ఆఫీసుల్లో ముందే మాట పడేయడం

మ్యుటేషన్ కోసం, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పు కోసం, ఒక వారసుడు నిశ్శబ్దంగా దరఖాస్తు పెట్టి, తన పేరు మీద మాత్రమే వన్‌బీ (భూమి హక్కుల రికార్డు నకలు) తెచ్చుకోవడం మామూలు ఎత్తు. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ప్రకారం పేరు మార్చేముందు సంబంధమున్నవాళ్లకు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు మీకు చేరుతుందని నమ్మి కూర్చోవద్దు. సర్వే నంబర్లు, ఖాతా నంబరు రాసి "వారసులందరి సమ్మతి లేకుండా పేరు మార్చవద్దు" అని తహసీల్దారుకు అభ్యంతరం ఇవ్వండి. చేతికిస్తే ముద్ర వేయించుకోండి, పోస్టులో పంపితే అందినట్టు రుజువు ఉంచుకోండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్లో అందుకు తగ్గట్టు అడగాలి. ఇప్పటికే పేరు మారిపోయి ఉంటే ఆర్డీఓకు అప్పీలు ఉంది. పాసు పుస్తకంలో పేరు పడినంత మాత్రాన మిగతావాళ్ల హక్కు పోదు. పోయిందని భయపెట్టేవాళ్లు మాత్రం చాలామంది ఉంటారు.

అదే లేఖ సబ్ రిజిస్ట్రారుకూ ఇవ్వండి. నిజం చెప్పాలంటే, కోర్టు ఉత్తర్వు లేకుండా ఆయన రిజిస్ట్రేషన్ ఆపుతాడన్న భరోసా లేదు. అయినా ఆ లేఖ ఉంటే కొన్నవాడు "నాకు తెలియదు" అనడం కష్టమవుతుంది. ఈసీని, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను, నెలకోసారి ఆన్‌లైన్లో చూడండి. మీభూమి వెబ్‌సైట్లో వన్‌బీ, అడంగల్ కూడా. జిల్లా ఎడిషన్లో వకీలు ద్వారా చిన్న ప్రకటన వేయిస్తే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. టౌన్లో ఇంటికి ఇది పొలం కంటే బాగా పనిచేస్తుంది.

ఒక వారసుడు తన వాటా వరకు అమ్ముకోవచ్చు, అయితే హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షను ప్రకారం దాన్ని ముందుగా కొనుక్కునే హక్కు మిగతా వారసులకు ఉంటుంది. అట్లాగే పంచుకోని ఉమ్మడి నివాసపు ఇంట్లో వాటా కొన్న బయటివాడు వచ్చి ఇంట్లో కూర్చోలేడు. ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను దాన్ని ఒప్పుకోదు.

8. చేయి దాటితే

పోలీసు స్టేషన్లో మొదట వినిపించేది "ఇది సివిల్ మేటరు" అన్న మాట. అన్నిసార్లూ అది నిజం కాదు. చనిపోయిన మనిషి దగ్గరున్న వస్తువును, హక్కుదారుల చేతికి రాకముందే దురుద్దేశంతో కాజేయడం భారతీయ న్యాయ సంహిత 315వ సెక్షను కింద నేరం, మూడేళ్ల వరకు శిక్ష. కాజేసింది ఆయన దగ్గర పనిచేసే గుమాస్తానో పనివాడో అయితే ఏడేళ్ల వరకు. దొంగ సంతకాల వీలునామా, దొంగ దస్తావేజు ఫోర్జరీ కిందికి వస్తాయి. ఫిర్యాదులో "మా ఆస్తి మింగేశారు" అని రాయకుండా, ఫలానా తేదీ జాబితాలో ఫలానా వరుసలో ఉన్న 40 గ్రాముల గొలుసు లేదు అని రాయండి. రెండో అంకంలో చేసిన జాబితా విలువ ఇక్కడ తెలుస్తుంది.

పొలం మీద కొట్లాట జరిగే పరిస్థితి ఉంటే, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 164వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆ రోజుకు స్వాధీనం ఎవరిదో తేలుస్తారు. అంతకుముందు రెండు నెలల్లోపు బలవంతంగా దిగగొట్టి ఉంటే, దిగగొట్టినవాడి స్వాధీనాన్ని లెక్కలోకి తీసుకోరు. రెండు నెలలు, గుర్తుంచుకోండి. బలవంతంగా వెళ్లగొడితే నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద సివిల్ కోర్టులో వేసే దావాకు గడువు ఆరు నెలలు.

ఎక్కువమందికి తెలియని దారి ఒకటుంది. భారత వారసత్వ చట్టం, 1925లో 192వ సెక్షను నుంచి ఒక భాగమంతా పోయినవాళ్ల ఆస్తి రక్షణ కోసమే. వారసుడు నేరుగా జిల్లా జడ్జికి దరఖాస్తు చేయొచ్చు: హక్కు లేనివాడు ఆస్తిలో దిగాడని గానీ, బలవంతంగా దిగబోతున్నాడని గానీ. మైనర్ల తరఫున, ఊళ్లో లేని వారసుల తరఫున దగ్గరి చుట్టమో మిత్రుడో కూడా వెయ్యొచ్చు. జడ్జి క్లుప్తంగా విచారించి స్వాధీనం ఎవరికన్నది తేలుస్తారు, ఈలోపు అధికారిని పంపి జాబితా రాయించి సీలు వేయించగలరు. ఆస్తి పాడైపోయే ప్రమాదముంటే క్యూరేటర్‌ను, అంటే ఆస్తి కాపాడే మనిషిని, నియమించి ఆయన చేతికి అప్పగించగలరు. క్యూరేటర్ కోసం అడిగే దరఖాస్తు మాత్రం మరణించిన ఆరు నెలల్లోపే పడాలి. తల్లీతండ్రీ ఇద్దరూ పోయి చిన్నపిల్లలు మిగిలిన ఇళ్లలో, చుట్టాలు పొలం దున్నుకుంటున్న చోట నాకు అన్నింటికంటే ముందు తోచేది ఈ దారే. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య తగాదాకు ఇది అంతగా నప్పదు, ఎందుకంటే అక్కడ అవతలివాడికీ హక్కుంది.

వాళ్ల మధ్యకు పనికొచ్చేది భాగ దావా, అంటే ఆస్తి పంచి ఇవ్వమని వేసే కేసు. దానితోపాటే, అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా, చెట్లు నరకకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అడుగుతారు. తోటలాంటి రాబడి ఉన్న ఆస్తికి, దాన్ని కోర్టు తరఫున చూసుకునే రిసీవర్‌ను, ఉన్నది ఉన్నట్టు చూసి రాయడానికి కమిషనర్‌ను అడగొచ్చు. దావా పడ్డాక అమ్మినా, కొన్నవాడు తీర్పుకు కట్టుబడాల్సిందే. ఇక్కడ డబ్బు సంగతి ఒకటుంది: మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్టయితే మన రాష్ట్రంలో భాగ దావాకు కోర్టు ఫీజు స్థిరంగా, తక్కువగా ఉంటుంది, మిమ్మల్ని పూర్తిగా వెళ్లగొట్టాక వేస్తే మీ వాటా విలువను బట్టి కట్టాలి. ఇంట్లో ఒక గదికి మీ తాళం ఉండటం, తోట ఖర్చులో మీ చేతి రసీదు ఉండటం ఇందుకూ పనికొస్తాయి. అవతలివాళ్లే ముందు కోర్టుకెళ్లి మీకు తెలియకుండా ఉత్తర్వు తెస్తారని అనుమానముంటే కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే పెట్టే అర్జీ) వేయండి, 90 రోజులు పనిచేస్తుంది.

వకీలు ఖర్చు భరించలేమనుకునే ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో అడిగితే చెబుతారు, లేదా 15100కు ఫోను చేయండి.

9. అందరూ ఒప్పుకుంటే

సయోధ్య కుదిరిన ఇంట్లోనూ పంపకాలకు ఆరు నెలలో ఏడాదో పడుతుంది. ఆ కాలానికి ఒక ఒప్పంద పత్రం రాసుకోండి. తోట ఎవరు చూస్తారు, బాడుగ ఎక్కడికి పోతుంది, అవ్వ మందులకు నెలకు ఎంత, కర్మ ఖర్చు ఎవరు పెట్టారు, ఏ వస్తువు ఎవరి దగ్గర ఉంది, లెక్క ఏ నెలకొకసారి చూపాలి. ఇది వాటాలు పంచే కాగితం కాదని అందులోనే రాయండి, లేకపోతే రేపు ఎవరో ఒకరు దాన్నే పంపకం అని చూపిస్తారు. అసలు పంపకం దస్తావేజుగా రాసుకున్నప్పుడు దాన్ని రిజిస్టరు చేయించాలి. ఊరి పెద్దల ముందు తెల్ల కాగితం మీద రాసుకుని వదిలేసిన పారికత్తులు పిల్లల తరానికి వచ్చేసరికి కోర్టులో నిలబడవు. రిజిస్ట్రేషన్ అయిన వారంలో మ్యుటేషన్‌కు దరఖాస్తు, ఆ తర్వాత కొత్త ఈసీ, కొత్త వన్‌బీ తీసి ప్రతి వారసుడి దగ్గరా ఒక్కో కాపీ ఉంచండి. తహసీల్దారు ఆఫీసులో, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో, బ్యాంకుల్లో పడేసిన అభ్యంతర లేఖలను వెనక్కి తీసుకుంటున్నామని రాసిచ్చే పని కూడా ఉంటుంది. లేకపోతే రేపు మీ రుణం దరఖాస్తుకు మీ పాత లేఖే అడ్డుపడుతుంది.